ఒకే ఇంట్లో రెండు ఇంటర్వ్యూలు

బిస్కెట్ల ఫ్యాక్టరీ వెనక వీధి మాది. పొద్దున్నే కిటికీ తీస్తే చక్కెర కాలుతున్న వాసన ఇంట్లోకి వచ్చి కూర్చునేది. కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు మొదటి వారం "ఎంత కమ్మగా ఉందో" అనేవాళ్ళు, రెండో నెల వచ్చేసరికి తలుపులు బిగించుకునేవాళ్ళు. మాకైతే అలాంటిది ఒకటి ఉన్నట్టే తెలిసేది కాదు. ఆ ఎండాకాలం జీతాల కోసం సమ్మె మొదలై ఓవెన్లు ఆరిపోయాక, వీధిలో ఉత్త దుమ్ము వాసన మిగిలాక తెలిసింది.

అప్పుడు నేను ఎమ్మే సోషియాలజీ రెండో ఏడు. పరీక్షలు అయిపోయాయి, ప్రాజెక్టు రిపోర్టు ఒక్కటే బాకీ. 'అద్దె ఇళ్ళలో ఇరుగుపొరుగు సంబంధాలు' అని ఒక విషయం తీసుకుని, ఎండలో ఇంటింటికీ తిరిగి, ఎవరూ తలుపు తియ్యక, తీసినా "ఏం కొనమమ్మా" అని వేసేస్తే విసిగిపోయి ఉన్నాను. మా గైడు మేడమ్ ఒకరోజు నేను రాసిన కాగితాలు చదివి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు.

"నీ ఇంటి ముందు సమ్మె జరుగుతుంటే ఊరంతా తిరగడం దేనికి?"

"అందులో మా అన్నయ్య ఉన్నాడు మేడమ్. వదిన కూడా ఉంది."

"అయితే తలుపు తీస్తారుగా," అన్నారు.

అలా మొదలైంది.

అన్నయ్య ఓవెన్ సెక్షన్‌లో సీనియరు. బెల్టు మీద బిస్కెట్టు వెళ్తుంటే రంగు చూసి మంట ఎక్కువ తక్కువలు చెప్పేవాడు. వదిన ప్యాకింగ్. ఆ సెక్షన్‌లో అందరూ ఆడవాళ్ళే, ఒక్కళ్ళకీ పర్మనెంటు లేదు. ఇద్దరివీ వేరు వేరు షిఫ్టులు కావడంతో, పెళ్ళైన ఇన్నేళ్ళలో వాళ్ళు ఎక్కువగా కలుసుకున్నది గుమ్మంలోనే. ఇప్పుడు సమ్మె పుణ్యమా అని ఇద్దరూ పొద్దస్తమానం ఇంట్లోనే. ఏం మాట్లాడుకోవాలో తెలీక వదిన డబ్బాలు కడిగి ఎండబెట్టేది, అన్నయ్య బాగున్న కుళాయిని విప్పి మళ్ళీ బిగించేవాడు.

నాకూ కాలు నిలిచేది కాదు. గేటు దగ్గర టెంటు కిందికి వెళ్ళి కూర్చునేదాన్ని, మళ్ళీ ఇంటికొచ్చేదాన్ని, లైబ్రరీకి పోయేదాన్ని, అక్కడ రెండు పేజీలు చదివి మళ్ళీ గేటుకి. "కాలు కాలిన పిల్లిలా ఏంటే ఆ తిరగడం? సమ్మె వాళ్ళదా నీదా?" అనేది అమ్మ. ఫ్యాక్టరీ వాళ్ళంతా నన్ను ప్రొఫెసరమ్మ అని పిలవడం మొదలుపెట్టారు. మొదట వెక్కిరింపుగా అన్నా తర్వాత అదే పేరైపోయింది.

ఇంటర్వ్యూకి కూర్చునే ముందు ప్రతివాళ్ళకీ ఒకే మాట చెప్పేదాన్ని. మీరు చెప్పింది మీ పేరుతో రాయను, ఇంకొకళ్ళకి చెప్పను, వద్దనుకుంటే ఎక్కడైనా ఆపెయ్యొచ్చు. అన్నయ్యకి కూడా అదే చెప్పాను, మా మేడ మీద నీళ్ళ ట్యాంకు నీడలో.

"అబ్బో, డాక్టరుగారిలా మాట్లాడుతోంది," అన్నాడు. "ఎవరికీ అంటే ఎవరికీ చెప్పవా?"

"చెప్పను."

"అమ్మకి?"

"చెప్పను."

ఫోన్లో రికార్డరు ఆన్ చేసి మధ్యలో పెట్టాను. ఎప్పుడు చేరావు, పని ఎలా ఉంటుంది లాంటి ప్రశ్నలకి నవ్వుతూనే జవాబులు చెప్పాడు. సమ్మె ఎలా ముగుస్తుందనుకుంటున్నావు అని అడిగేసరికి నవ్వు ఆపేశాడు. కాసేపు ట్యాంకు గోడ మీద పెచ్చులూడుతున్న సున్నం గోటితో గీకాడు.

"ముగిసిపోయింది," అన్నాడు.

"అంటే?"

"మేనేజరు ఓవెన్ వాళ్ళని విడిగా పిలిచాడు. మా డిమాండ్లన్నీ ఒప్పుకుంటాడట. ప్యాకింగ్‌కి మాత్రం మిషన్లు వస్తున్నాయి. ఆడవాళ్ళకి ఎంతో కొంత చేతిలో పెట్టి పంపించేస్తారు. సోమవారం సంతకాలు."

ఇంటర్వ్యూలో ఎదుటి మనిషి ఆగినప్పుడు మనం ఖాళీ నింపకూడదని మేడమ్ నేర్పారు.

"ఓవెన్ ఆగితే ఫ్యాక్టరీ ఆగుతుంది. ప్యాకింగ్ ఆగితే ఇంకోళ్ళని తెచ్చుకుంటారు. అది వాళ్ళకీ తెలుసు, మాకూ తెలుసు. ఇద్దరివీ పోగొట్టుకుని కూర్చునే బదులు ఒకళ్ళదైనా నిలబడాలి కదా ఇంట్లో?" అన్నాడు. నా మొహంలోకి చూడకుండా, "దానికి ఎలాగూ మణికట్టు నొప్పులు. కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉంటే మంచిదే," అన్నాడు.

"వదినకి చెప్పావా?"

"ఇది కూడా నీ ప్రశ్నల్లో ఉందా?"

"లేదు."

"అయితే ఆపెయ్," అన్నాడు. ఆపేశాను.

వదినని అడగడానికి నాకు మనసొప్పలేదు. రెండు రోజులు తప్పించుకు తిరిగాను. చివరికి తనే పట్టుకుంది. "ఊళ్ళో ఆడాళ్ళందర్నీ అడిగావు, నేను కనపడలేదా? ఇంటి కూర రుచి ఉండదా?" అంటూ వంటింట్లో పీట వాల్చింది. నేను చెప్పాల్సిన మాట చెప్పాను. శ్రద్ధగా వింది.

"మొగుళ్ళకి చెప్పకూడదని మేమంతా ఒట్టేసుకున్నాం," అంది. "నువ్వు మొగుడివి కాదుగా. పర్లేదు."

ఓవెన్ వాళ్ళు తమని వదిలేస్తారని ప్యాకింగ్ ఆడవాళ్ళకి ఎప్పుడో అనుమానం వచ్చిందట. ఎవరూ చెప్పలేదు. టెంటు కింద మగవాళ్ళు ఒక పక్కకి వెళ్ళి మాట్లాడుకోవడం, వీళ్ళు దగ్గరికి రాగానే క్రికెట్టు మాటల్లో పడడం చూసి గ్రహించారు. వాళ్ళు సంతకాలు పెట్టుకుంటే పెట్టుకోనీ. లోపలికి పోయి కాల్చుకుంటే కాల్చుకోనీ. ఒక్క లారీ కూడా గేటు దాటకూడదు, బయటి నుంచి ఒక్క కొత్త మనిషి లోపలికి పోకూడదు. గేటుకి అడ్డంగా పడుకుంటారు. అదీ వాళ్ళు అనుకున్నది.

"పోలీసులొస్తే?"

"వస్తారు. లేపుతారు. ఒకళ్ళని లేపేలోపు ఇంకొకళ్ళు పడుకుంటాం. ప్యాకింగ్ చేసినవాళ్ళం, వరస తప్పం," అని నవ్వింది.

"అన్నయ్యకి చెప్పకూడదా వదినా?"

"చెప్తే ఏమవుతుంది? నా మాట వింటే తోటివాళ్ళలో చులకనైపోతారు. వినకపోతే నాకు చులకనైపోతారు. ఎందుకొచ్చిన గొడవ?" గిన్నె బోర్లించి చేతులు తుడుచుకుంది. "ఆయన అలాంటి కాగితం మీద సంతకం పెట్టరులే. మిగతావాళ్ళు పెడతారు గానీ."

ఆ మాట దగ్గర రికార్డరు ఆపడానికి నా చెయ్యి ఫోను మీదికి పోయింది. తను చూసి, "అయిపోయిందా?" అని లేచింది.

ఆ రోజు నుంచి భోజనాల దగ్గర ఇటు పక్క అన్నయ్య, అటు పక్క వదిన, మధ్యలో నేను. "పచ్చడి అటివ్వు" అంటే ఇస్తూ, ఇద్దరి మొహాలూ చూడలేక గోడ మీద క్యాలెండరు చూసేదాన్ని. ఒకళ్ళు చెప్పింది ఇంకొకళ్ళకి నా మొహంలో కనపడిపోతుందేమోనని భయం. మాట్లాడబోతే నోట్లోంచి అదే జారిపడుతుందేమోనని ఇంకో భయం. ఒంట్లో బాలేదేమోనని అమ్మ నా నుదురు పట్టుకు చూసింది.

మేడమ్ దగ్గరికి పరిగెత్తాను. డిపార్ట్‌మెంటులో ఆవిడ గదిలో జవాబు పత్రాల కట్టలు, గరగరలాడే ఫ్యాను. "మేడమ్, ఒకే ఇంట్లో ఇద్దరు..." అని మొదలుపెట్టానో లేదో చెయ్యెత్తి ఆపారు.

"నాకు చెప్పకు. వాళ్ళు నీకు చెప్పారు, నాకు కాదు."

"చెప్పకపోతే ఎలాగండీ? ఒకళ్ళ బతుకు ఇంకొకళ్ళ..."

"మాటిచ్చావా?"

"ఇచ్చాను."

ఆవిడ పెన్నుకి మూత పెట్టారు. కసురుకుంటారనుకున్నాను. "చూడమ్మా, ఇలాంటప్పుడు పరిశోధకురాలు ఏం చెయ్యాలో పుస్తకాల్లో ఉంది. నీకు తెలుసు కూడా. ఆడపడుచు ఏం చెయ్యాలో ఏ పుస్తకంలోనూ లేదు. ఉంటే నేనూ చదివేదాన్ని," అన్నారు. తర్వాత మళ్ళీ జవాబు పత్రాల్లోకి తల వంచారు. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి, "ప్రశ్నలు అడగొద్దని మాత్రం నీకెవరూ చెప్పలేదు," అన్నారు.

బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. ఊచ పట్టుకుని ఇంటిదాకా అదే ఆలోచించాను.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరితోనూ చెప్పాను. భార్యాభర్తల్ని కలిపి కూర్చోబెట్టి కూడా ఒక ఇంటర్వ్యూ చెయ్యాలని, అది కూడా రిపోర్టులో ఒక భాగమని. అలాంటి భాగమేదీ లేదు. అమ్మ నిద్రపోవడానికి లోపలికి వెళ్ళింది. అన్నయ్య కుర్చీలో, వదిన మంచం అంచున. ఫోను స్టూలు మీద పెట్టాను.

"పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు అడగలేదు," అన్నాడు అన్నయ్య.

"అడిగి ఉండాల్సింది," అంది వదిన.

ఇద్దరూ నవ్వారు. నేను ఫోను ఇంకాస్త దగ్గరికి జరిపాను.

మొదట తేలిక ప్రశ్నలు. ఫ్యాక్టరీలో మొదటిసారి ఎక్కడ చూసుకున్నారు? ఎవరి పని కష్టం? దాని మీద కాసేపు వాదించుకున్నారు. ఓవెన్ దగ్గర వేడి ఎక్కువని అతను, రోజంతా నిలబడి చేతులాడించి చూడమని ఈమె. సరదాగానే నడిచింది. అప్పుడు అడిగాను.

"ఓవెన్ వాళ్ళకి ఒక రకం, ప్యాకింగ్ వాళ్ళకి ఒక రకం ఒప్పందం వస్తే ఏం చెయ్యాలి?"

ఇంటర్వ్యూలు చేసినవాళ్ళందర్నీ నేను అడిగిన ప్రశ్నే అది, టెంటు కింద కూడా. కానీ అన్నయ్య నా వైపు ఒక్క చూపు చూశాడు. నేను ఫోను వైపు చూస్తూ ఉండిపోయాను. నింపకూడదు, ఖాళీని నింపకూడదు.

"అలాంటిది ఎందుకొస్తుంది?" అంది వదిన. "ఒకటే సమ్మె, ఒకటే ఒప్పందం. కదండీ?"

అతను చొక్కా గుండీ ఊడదీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ కాస్త ఆలస్యంతోనే వదిన మొహంలో నవ్వు మెల్లగా చెరిగిపోయింది.

"వచ్చింది," అన్నాడు అన్నయ్య. "రేపు సంతకాలు."

"ఎవరివి?"

"మావి."

"మావి అంటే?"

"నాది కూడా."

బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. వదిన కొంగు చివర వేలికి చుట్టుకుని విప్పింది. అరుస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. అదేం లేదు. లెక్క సరిచూసుకున్న మనిషిలా తలాడించింది.

"అయితే నేనూ చెప్పేస్తాను, తర్వాత దాచానని అనుకోకుండా. ఎల్లుండి నుంచి మేం గేటు దగ్గర పడుకుంటున్నాం. లారీలు కదలవు."

"పిచ్చా నీకు? తొక్కించేస్తారు."

"మీరు లోపల ఉంటారుగా. చూస్తూ తొక్కనిస్తారా?"

"నీకోసమే ఒప్పుకున్నానే. ఇంట్లో ఒకళ్ళ ఉద్యోగమైనా..."

"నన్ను అడిగారా?" అంది. గొంతు పెంచకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

అన్నయ్య లేచాడు. కూజా దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగి, గ్లాసు కడిగి బోర్లించాడు. ఆ ఇంట్లో అతను గ్లాసు కడగడం నేనెప్పుడూ చూడలేదు. చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. వదిన నా వైపు తిరిగింది.

"ఇంకా ఏమైనా ప్రశ్నలున్నాయా?"

"లేవు వదినా."

"నీకు ముందే తెలుసు కదూ," అంది. జవాబు కోసం చూడకుండా పక్క దులపడానికి లేచింది.

సోమవారం సంతకాలైపోయాయి. అన్నయ్య కూడా పెట్టాడు. మంగళవారం పొద్దున వదిన ఎప్పటిలాగే లేచి వంట చేసి, అతని క్యారేజీ కట్టి గట్టు మీద పెట్టి, అతనికంటే ముందే గేటుకి వెళ్ళిపోయింది. నేను ఆవిడ వెనకే పోయాను. ఆడవాళ్ళు దుప్పట్లు పరుచుకుని వరసగా పడుకున్నారు. సగం మంది కబుర్లలో ఉన్నారు, ఒకావిడ పిల్లకి జడ వేస్తోంది. ఓవెన్ మగవాళ్ళు వస్తుంటే దారిచ్చారు. "వెళ్ళండి నాయనా, వెళ్ళి కాల్చుకోండి," అంది వాళ్ళలో పెద్దావిడ. అన్నయ్య క్యారేజీ పట్టుకుని వదిన పక్కనుంచే నడిచి లోపలికి పోయాడు. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది.

కాసేపటికి పొగగొట్టంలోంచి పొగ లేచింది. వీధంతా మళ్ళీ చక్కెర వాసన. ఎవరూ దాని మాటెత్తలేదు.

ఆ తర్వాత రోజుల్లో నేను తిన్నానో లేదో, పడుకున్నానో లేదో సరిగ్గా గుర్తులేదు. పోలీసులొచ్చారు, లేపారు, వీళ్ళు మళ్ళీ పడుకున్నారు. కాంట్రాక్టరు ఒక వ్యాను నిండా మనుషుల్ని తెచ్చాడు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు వీళ్ళకి తెలిసినవాళ్ళే కావడంతో వ్యాను దిగకుండానే వెనక్కి పోయారు. రికార్డరు జేబులోనే ఉండిపోయింది. నీళ్ళు మోశాను, చంటిపిల్లల్ని ఎత్తుకున్నాను. అడగడానికి ఒక్క ప్రశ్న కూడా తోచలేదు. వదిన ఇంటికి రావడం మానేసింది, స్నానానికి కూడా తనతో పనిచేసే అమ్మాయి ఇంటికే. అన్నయ్య పనినుంచి వచ్చి తినకుండా మేడెక్కి పడుకునేవాడు.

"వాళ్ళిద్దరి మధ్యా ఏం పెట్టావే?" అని అమ్మ నన్ను నిలదీసింది.

"నేనేం పెట్టలేదమ్మా. ఉన్నదే."

లోపల బిస్కెట్లు గుట్టలు పడుతున్నాయి. ట్రేలు నిండిపోయి గోనెల్లో పోశారు, గోనెలు చాలక నేల మీద టార్పాలిన్ పట్టాలు పరిచి పోశారు. ప్యాకింగ్ మిషన్లు వస్తాయన్నారు గానీ రాలేదు. మేనేజరు మాత్రం ఓవెన్ ఆపొద్దన్నాడు. ఆపితే ఆడవాళ్ళు గెలిచినట్టవుతుందట. ఇవన్నీ అన్నయ్య మేడ మీద, నేను అడక్కుండానే, చీకట్లోకి చూస్తూ చెప్పాడు. "పొద్దున కాల్చింది సాయంత్రానికి గాలి తగిలి మెత్తబడిపోతోంది. పార పెట్టి ఎత్తుతున్నారు చెల్లీ. పార పెట్టి," అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం, ఎండ నడినెత్తి మీదుండగా, పొగ ఆగిపోయింది. గేటు దగ్గర ఆడవాళ్ళు లేచి కూర్చున్నారు. మొదట అన్నయ్య బయటికొచ్చాడు, తల మీద ఓవెన్ టోపీ ఇంకా అలాగే ఉంది. వెనక ఇంకో ఇద్దరు, తర్వాత అందరూ. ఎవరూ నినాదాలు ఇవ్వలేదు. అన్నయ్య గోడ నీడలో నిలబడి మొహం తుడుచుకున్నాడు. వదిన లేచి దగ్గరికి వెళ్ళింది. నేను పక్కనే ఉన్నాను.

"నాకోసం వచ్చారా?"

"లేదు," అన్నాడు. "బిస్కెట్లు పాడైపోతున్నాయి. పారబొయ్యడానికి కాల్చడం నా వల్ల కాదు."

వదిన అతని మొహం చూసింది. నీకోసమే అని ఒక్క మాట అంటే ఆవిడ నమ్మేది కాదనుకుంటాను. "టోపీ తియ్యండి, చెమట పడుతోంది," అని వెళ్ళి మంచినీళ్ళ సీసా తెచ్చిచ్చింది.

ఓవెన్లు చల్లారాక మేనేజరు మెత్తబడ్డాడు. ఈసారి పిలుపు ప్యాకింగ్ వాళ్ళకి వచ్చింది. ఆడవాళ్ళు తమ తరఫున వదినని పంపారు. అంతకుముందు ఆ సెక్షన్ నుంచి ఒక్కళ్ళు కూడా ఆఫీసు గది మెట్లెక్కలేదు. ఉతికిన చీర కట్టుకుని, జడ బిగించుకుని లోపలికి వెళ్ళింది.

బయట అన్నయ్య, ఇంకొందరు మొగుళ్ళు గోడ వారన నిలబడ్డారు. ఒకతను అడిగాడు, "ఏం మాట్లాడతారట? ఏ షరతులు?"

"నాకేం తెలుసు?" అన్నాడు అన్నయ్య. కొంచెం కోపంగానే అన్నాడు. మళ్ళీ తనే, "చెప్పలేదు," అన్నాడు.

నేను ఆ గోడ పొడుగూతా అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. సాయంకాలమవుతుండగా వదిన మెట్లు దిగొచ్చింది. మొహం చూసి ఏం పోల్చుకోలేకపోయాను. గెలిచింది సగమేనని తర్వాత తెలిసింది. మిషన్లు వస్తాయి, కానీ వాటి మీద ఈ ఆడవాళ్ళే పనిచేస్తారు. పాతవాళ్ళు పర్మనెంటు అవుతారు, కొత్తగా చేరిన కొందరు మాత్రం పోతారు. ఆ పోయినవాళ్ళలో ఇద్దరు ఆ తర్వాత వదినతో మాట్లాడలేదు. ఆ సంగతి ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు.

అప్పుడు మాత్రం నేను ఎదురు పరిగెత్తి, అలవాటు కొద్దీ ఫోను బయటికి తీశాను.

"వదినా, ఏమైంది? చెప్పు."

"నీకు రేపు చెప్తాను," అంది. "ముందు మీ అన్నయ్యకి చెప్పాలి."

నన్ను దాటుకుని గోడ దగ్గరికి నడిచింది. ఇద్దరూ ఇంటివైపు కదిలారు. అన్నయ్య చేతులు వెనక్కి కట్టుకుని, తల ఆమె వైపు వంచి నడుస్తున్నాడు. మధ్యలో ఒకసారి ఆగి ఏదో అడిగాడు. ఆవిడ గట్టిగానే ఏదో అంది. మళ్ళీ నడిచారు. నేను వాళ్ళ వెనకే, మాటలు వినపడనంత దూరంలో, అడుగులు తగ్గించుకుంటూ వెళ్ళాను.